అప్పుకు విరుగుడు వెతికిన మనిషి: హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11న మార్లవాయిలో మన పెద్దలు, పిల్లలు, ఉద్యోగులు రెండు సమాధుల దగ్గర కూడుతారు. ఒకటి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారిది, రెండోది ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ గారిది. గోండుల దేవతల గురించి, పండుగల గురించి ఆయన రాశారని చాలామందికి తెలుసు. మన ఇళ్లలోని అప్పుల గురించి కూడా ఆయన అంతే శ్రద్ధగా ఆలోచించారని తెలిసినవారు తక్కువ. ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. మానవశాస్త్రం చదివి, 1936లో నాగా కొండలకు వెళ్లి అక్కడి తెగలతో కలిసి జీవించారు. 1938లో బెట్టి గారిని పెళ్లాడారు. మరుసటి ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన మన దేశంలో ఉన్నారు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రు దేశస్థుడిగా లెక్కగట్టింది. హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీలులేని ఆ రోజుల్లోనే ఆయన చెంచులతో, కొండరెడ్లతో, ఆ తరువాత ఆదిలాబాద్ గోండులతో మెలిగారు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి ఏర్పడింది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి భాష నేర్చుకుని, జనం కష్టసుఖాలు విన్నారు. అడవిని సర్కారు రిజర్వు చేసింది. దున్నుకునే భూమికి మనవాళ్ల పేరున పట్టా లేదు. మైదానాల నుంచి వచ్చినవారు ఆ భూములకే పట్టాలు చేయించుకున్నారు. వీటన్నిటి వెంట అప్పు నడిచింది.

ఆ అప్పు ఎలా పెరిగేదో మన పిల్లలకు లెక్కగా చెప్పాలి. ఆషాఢంలో ఇంట్లో గింజ ఉండదు. తిండికి, విత్తనానికి షావుకారు దగ్గర నాగుకు గింజలు తెస్తారు. రెండు బస్తాలు తెస్తే పంట రాగానే మూడు బస్తాలు కొలవాలి. ఐదారు నెలలకే సగానికి సగం వడ్డీ! ఇల్లు గడవడానికి కల్లంలోని గింజ చాలదు కనుక మళ్లీ ఆషాఢానికి అదే గడప తొక్కాలి. చదువు రానివాడికి షావుకారు రాసిందే లెక్క. కట్టింది జమ పడిందో లేదో తెలియదు. చివరికి భూమి పోయేది. భూమి లేనివాడు అప్పు కింద తానే జీతానికి కుదిరేవాడు. దాన్నే భగేలా అనేవారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు కూడా పనిచేయాల్సి వచ్చేది.

హైమన్‌డార్ఫ్ 1945లో నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. ఒక్క అప్పును రద్దు చేస్తే సరిపోదని, మళ్లీ అప్పు పుట్టే కారణాన్నే పట్టుకోవాలని ఆయన చేసిన పనులను చూస్తే తెలుస్తుంది. మొదటిది భూమి. ఆ కాలంలో వేలాది ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు అందాయి. రెండోది గింజ. గిరిజన ప్రాంతాల్లో ధాన్యం బ్యాంకులు పెట్టించారు. వానాకాలంలో షావుకారు గడప తొక్కకుండా అక్కడ గింజలు తీసుకుని, పంట వచ్చాక తిరిగి కొలిస్తే చాలు. మూడోది చదువు. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులే పంతుళ్లయ్యారు, గోండి భాషలో వాచకాలు వచ్చాయి. చదువుకున్నవాడు ఊళ్లో ఒక్కడున్నా రసీదు చదివి చెప్పగలడు, పట్టాలో ఎవరి పేరుందో చూడగలడు. టీచర్ ట్రైనింగ్ చదివి వచ్చిన మాకు ఈ మూడో పని విలువ బాగా అర్థమవుతుంది.

తరువాత ఆయన లండన్ వెళ్లి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అయినా మన అడవులను మరచిపోలేదు. 1970లలో తిరిగి వచ్చి చూసినప్పుడు, ఇచ్చిన భూముల్లో చాలా భాగం మళ్లీ చేతులు మారి ఉంది. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉన్నా, అప్పు ఉన్న ఇంట్లో భూమి నిలవడం కష్టమని ఆయన 1982లో అచ్చయిన తన పుస్తకంలో బాధతో వివరించారు. బెట్టి గారు 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో మరణించగా, తరువాత ఆయన అస్థికలనూ ఆమె పక్కకే చేర్చారు.

ఇప్పుడు నాగు గింజల చోట పత్తి విత్తనాలు, మందు బస్తాలు వచ్చాయి. మృగశిర కార్తెలో ఉద్దెర ఇచ్చిన వ్యాపారికే పత్తి అమ్మాలనే షరతు ఉంటుంది, ధర అతడే చెబుతాడు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన ఆడపిల్లలు కొందరు పత్తి ఏరడానికి ఆగిపోతారు. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురుగా గైర్హాజరు వేసేటప్పుడు ఆ ఇంటి అప్పు ఎంతో మాకు తెలుస్తూనే ఉంటుంది.

అందుకే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇదీ. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. పదివేలకు ఏడాదికి 3,600 రూపాయలు అవుతుంది. అప్పు తెచ్చిన రోజే నోటుబుక్కులో తేదీ, మొత్తం, వడ్డీ మీ బిడ్డ చేత రాయించండి. కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయకండి. పాసుపుస్తకం ఎవరి దగ్గరా కుదువ పెట్టకండి, దాంతో బ్యాంకులో పంట రుణం అడగండి. నాలుగు అప్పులుంటే ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చండి. తిండికి, విత్తనానికి సరిపడా గింజ దాచాకే మిగిలింది అమ్మండి. పొదుపు సంఘంలో అక్కాచెల్లెళ్లంతా కలిస్తే ఆషాఢానికి గింజ మన ఊళ్లోనే దొరుకుతుంది. అదే మన ధాన్యం బ్యాంకు.

పరాయి దేశం నుంచి వచ్చిన ఆ దంపతులు మన ఇంటి లెక్క మనకు తెలియాలని కోరుకున్నారు. ఆ లెక్క రాయగల ఆడపిల్లలు ఈ రోజు మన గూడేల్లో ఇంటింటా ఉన్నారు. వాళ్లను పత్తి చేనులో ఆపకుండా బడికి పంపుదాం. హైమన్‌డార్ఫ్ దంపతులకు జోహార్లు!