సిడ్నీ రింగర్

ఆసుపత్రిలో రోగి పడక చెంత వ్రేలాడు సెలైను సీసాలను మనమందరము చూచియే యుందుము. వానిలో కొన్నిటిపై రింగర్ లాక్టేటు అను పేరుండును. ఆ పేరు గల వైద్యుని చరిత్ర మనము తెలిసికొనదగినది.

సిడ్నీ రింగర్ 1835లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. లండనులోని యూనివర్సిటీ కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి, ఆ కళాశాల ఆసుపత్రిలోనే పెక్కేండ్లు రోగులకు సేవ చేసెను. 1869లో ఆయన ప్రకటించిన ఔషధ గ్రంథము 13 కూర్పులు పొందెను. తీరిక వేళలందు ప్రయోగశాలలో పరిశోధనలు సాగించెడివాడు.

వెలికి తీసిన కప్పగుండె ఉప్పు ద్రావణములో చాలసేపు కొట్టుకొనుట చూచి, 1882లో ఆ సంగతి ప్రకటించెను. తరువాత విచారింపగా, సహాయకుడు స్వేదనజలమునకు బదులు కొళాయి నీరు వాడినట్లు తేలెను. స్వేదనజలముతో చేసిన ద్రావణములో గుండె త్వరలోనే ఆగిపోయెను. దానిని నడిపినది కొళాయి నీటిలోని కాల్షియము! పేరు పొందిన వైద్యుడు ఆ పొరపాటును మరుగుపరచినను అడుగువారుండరు. ఆయన అట్లు చేయక, 1883లో అందరికిని తెలియజేసి, సరియైన ద్రావణమును రూపొందించెను. 1932లో హార్ట్‌మన్ అను అమెరికా వైద్యుడు దానికి లాక్టేటు చేర్చెను.

రింగర్ అంతటితో విరమింపలేదు. జీవుల కణములు ఒకదానినొకటి అంటియుండుటకును కాల్షియము కావలయునని ఆయన పరిశోధనలు సూచించెను. ఆ మర్మము చాలకాలమునకు గాని విడలేదు. 1977లో జపాను శాస్త్రజ్ఞుడు తకేయిచి కాల్షియముపై ఆధారపడిన కణబంధమును నిరూపించెను. 1984లో దానికి మూలమైన మాంసకృత్తుకు కాడ్హెరిన్ అని పేరిడిరి. ఒక కణపు కాడ్హెరిన్ ప్రక్క కణపు కాడ్హెరిన్‌ను చేయి చేయి కలిపినట్లు పట్టుకొనును; కాల్షియము ఆ చేతులకు బిగువు నిచ్చును. పట్టు సడలినచో దేహమునకు ముప్పు కలుగును. కొన్ని క్యాన్సరులలో కణములు విడివడి ఇతర అవయవములకు ప్రాకును. పెంఫిగస్ అను వ్యాధిలో దేహమును రక్షింపవలసిన పదార్థములే ఈ కుటుంబపు మాంసకృత్తులను ఎదిరింపగా చర్మము బొబ్బలెక్కును.

చిన్నతనముననే మరణించిన కుమార్తె జ్ఞాపకార్థము రింగర్ యార్క్‌షైరులోని లాస్టింగ్‌హాం గ్రామపు చర్చిని బాగుచేయించెను. 1910లో ఆ గ్రామముననే కన్నుమూసెను. దిద్దుకొన్న పొరపాటు ఎందరి ప్రాణములకు అండయగునో ఆ సీసాను చూచినప్పుడెల్ల మనము తలచుకొందము.