మన రూపాయి కోసం కరిగిపోయిన మోర్గన్ డాలర్లు

డ్యూసెల్‌డార్ఫ్‌లో శనివారం ఆఖనర్ ప్లాట్జ్ సంతకి వెళ్తే పాత గడియారాలు, గాజు సామాను మధ్య ఒకరిద్దరు నాణేలు పరుచుకుని కనిపిస్తారు. వాటిలో అమెరికా వెండి డాలర్లు కూడా ఉంటాయి. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి అవి ఎంత చేస్తాయో నాకు తెలుస్తుందని ఇక్కడి మనవాళ్ళు కొందరి నమ్మకం. అందులోని వెండి లెక్క చెప్పడం రెండు నిమిషాల పని. మిగతా విలువ తెలియాలంటే మాత్రం దాన్ని చెక్కిన మనిషి కథ చెప్పుకోవాలి. ఆ కథలో మన దేశానికీ చోటుంది.

ఆయన పేరు జార్జ్ మోర్గన్. 1845లో ఇంగ్లండులో పుట్టారు. బర్మింగ్‌హామ్ ఆర్ట్ స్కూల్లో చదివి, స్కాలర్‌షిప్ మీద లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌కి వెళ్ళారు. ఆ తర్వాత నాణేల అచ్చులు చెక్కడంలో పేరున్న వయన్ కుటుంబం దగ్గర పనిచేశారు. మన దేశంలో చెలామణి అయిన విక్టోరియా రాణి రూపాయి మీద ఉన్నది కూడా ఆ కుటుంబం చేతి పనే.

1876లో అమెరికా టంకశాలల డైరెక్టర్ హెన్రీ లిండర్‌మన్ మంచి చెక్కుడు పనివాడు కావాలని లండన్‌కి రాస్తే, అక్కడివాళ్ళు మోర్గన్ పేరు చెప్పారు. ముందు ఆరు నెలలు పని చూస్తామన్నారు. ముప్పై ఒకటో ఏట ఆయన ఫిలడెల్ఫియాలో దిగారు. అక్కడ అప్పటికే విలియం బార్బర్ ప్రధాన చిత్రకారుడు, ఆయన కొడుకు చార్లెస్ సహాయకుడు. బయటి దేశం నుంచి మరొకరు రావడం వాళ్ళకి రుచించలేదు. టంకశాలలో చోటు చాలక మోర్గన్ కొంతకాలం తాను అద్దెకున్న ఇంట్లోనే పని చేసుకున్నారు.

నాణెం మీద వేసే స్వేచ్ఛాదేవి ముఖం గ్రీకు బొమ్మలా కాక అమెరికా అమ్మాయిలా ఉండాలన్నది ఆయన పట్టుదల. చిత్రకారుడు థామస్ ఈకిన్స్ ద్వారా ఆనా విలియమ్స్ అనే టీచరు పరిచయమయ్యారు. పేరు బయటపెట్టకూడదనే షరతు మీద ఆమె అయిదుసార్లు వచ్చి కూర్చున్నారు. కొన్నాళ్ళకి సంగతి పొక్కింది. నాటకాల్లో వేషాలిస్తామని కూడా వచ్చారట. ఆమె ఒప్పుకోలేదు, పిల్లలకి చదువు చెప్పుకుంటూనే ఉండిపోయారు.

ఇక్కడ జర్మనీ సంగతి కాస్త చెప్పాలి. డాలర్ అనే మాట పుట్టిందే ఇక్కడి థాలర్ అనే వెండి నాణెం పేరు నుంచి. 1871లో దేశం ఏకమయ్యాక జర్మనీ బంగారు మార్కుకి మారి, పాత థాలర్ల వెండిని అమ్మకానికి పెట్టింది. అదే సమయంలో అమెరికాలో నెవాడా గనుల నుంచి కూడా వెండి వచ్చి పడుతోంది. ధర పడిపోయింది. గనుల వాళ్ళు గోల పెట్టగా, ప్రెసిడెంట్ హేస్ వీటో చేసినా లెక్కచేయకుండా 1878 ఫిబ్రవరిలో బ్లాండ్-అలిసన్ చట్టం తెచ్చారు. దాని ప్రకారం ప్రభుత్వం నెలకి కనీసం 20 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలి. అలా మార్చి 11న మోర్గన్ డాలర్ పుట్టింది. జనానికి అంత బరువు జేబులో మోయడం ఇష్టం లేదు. కోట్ల నాణేలు సంచుల్లో ఖజానాలోనే ఉండిపోయాయి.

మోర్గన్ ఉద్యోగం మాత్రం ముందుకు కదల్లేదు. విలియం బార్బర్ చనిపోతే ఆ పదవి కొడుక్కి వెళ్ళింది. చార్లెస్ 1917లో పోయేదాకా మోర్గన్ సహాయకుడే. పై కుర్చీ దక్కేసరికి డెబ్బై ఒక్కేళ్ళు నిండాయి. మరొకరైతే ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయేవారు.

కుర్చీ దక్కిన మరుసటి ఏడే ఆయన డాలర్లు కొలిమికి చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. సైన్యానికి కావలసిన సరుకు మన దేశంలో కొంటున్న బ్రిటిష్‌వాళ్ళు రూపాయల్లో చెల్లించాలి. నోటు తెచ్చినవాడికి వెండి రూపాయి ఇస్తామని సర్కారు మాట. 1918లో జనం నోట్లు పట్టుకుని బొంబాయి కౌంటర్ల ముందు బారులు తీరారు, వెండి నిల్వ అడుగంటింది. వాషింగ్టన్‌లో బ్రిటన్ రాయబారిగా ఉన్న లార్డ్ రీడింగ్ (తర్వాత మనకి వైస్రాయ్‌గా వచ్చినాయనే) అమెరికా సాయం అడిగారు. ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం వచ్చింది. దాని కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. అందులో సుమారు 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి మన దేశం కోసమే బ్రిటన్‌కి అమ్మారు. ఒక డాలర్‌లో స్వచ్ఛమైన వెండి 24.06 గ్రాములు, అప్పటి రూపాయిలో 10.69. అంటే ఒక మోర్గన్ డాలర్ కరిగితే రెండుంపావు రూపాయలు. మీ నాన్నమ్మ పెట్టెలో 1918, 1919 నాటి జార్జి రూపాయలుంటే వాటిలో ఆ వెండి ఉండే అవకాశం బాగానే ఉంది. ఆ రూపాయలనే కంసాలి చేత కరిగించి చేయించిన కడియాల్లో కూడా.

సేకరించేవాళ్ళకి చిక్కు ఇక్కడే వచ్చింది. ఏ ఏడాదివి, ఏ టంకశాలవి ఎన్ని కరిగించారో ఎవరూ రాసి పెట్టలేదు. కాబట్టి ఎన్ని కొట్టారో చూసి ధర కట్టలేం, ఎన్ని మిగిలాయో తెలియాలి. న్యూ ఆర్లియన్స్‌లో కొట్టిన 1903 నాణెం దాదాపు మాయమైందనుకుని వెయ్యి డాలర్లకు పైగా పలికేది. 1962లో ఖజానా సంచులు విప్పితే గుట్టలుగా బయటపడ్డాయి, ధర పదుల్లోకి దిగింది.

మీ చేతిలో ఒకటుంటే వెనక్కి తిప్పండి. గద్ద కింద దండకి దిగువన చిన్న అక్షరం చూడండి. రెండు సీలుంటే కార్సన్ సిటీ, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లియన్స్, డి అంటే డెన్వర్, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. 1893 ఎస్ నాణేలు కొట్టిందే లక్ష. అది దొరికితే ముందు నకిలీ అనుకుని నిపుణుడికి చూపించడం మంచిది. బరువు 26.73 గ్రాములు, అడ్డం 38.1 మిల్లీమీటర్లు ఉండాలి, అయస్కాంతానికి అంటుకోకూడదు. చెవి పైన జుట్టు పాయలు, గద్ద రొమ్ము మీద ఈకలు ఎంత స్పష్టంగా ఉంటే ధర అంత పెరుగుతుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. పూజ సామాను తోమినట్టు విభూతితోనో చింతపండుతోనో తోమకండి. నలుపు గంధకంతో కలిసి ఏర్పడిన పలుచని పొర, దానివల్ల నష్టం లేదు. తోమితే గీతలు పడి పైమెరుపు పోతుంది, అసలు ధరలో పెద్ద భాగం దాంతోనే పోతుంది.

కరిగించినన్ని డాలర్లు మళ్ళీ కొట్టాలని పిట్‌మన్ చట్టంలోనే ఉంది. పాత మూల అచ్చులు 1910లోనే ధ్వంసం చేసేశారు. డెబ్బై అయిదేళ్ళ మోర్గన్ తన నాణేనికి తానే మళ్ళీ అచ్చులు తయారుచేశారు. 1921 ఒక్క ఏడాదే 8 కోట్ల 60 లక్షలకు పైగా కొట్టారు. సంతల్లో ఎక్కువగా కనిపించేవి అవే. వాటికి వెండి ధర మీద కొంచెం ఎక్కువ ఇస్తే చాలు, అంతకు మించి అడిగితే పక్కకి జరగండి. అదే డిసెంబరులో ఆంటొనీ డి ఫ్రాన్సిషీ గీసిన పీస్ డాలర్ వచ్చింది. దాని మీద విరిగిన కత్తి బొమ్మ ఓటమిలా కనిపిస్తోందని గొడవ అయితే, సన్నని ఉలితో దాన్ని అచ్చు నుంచి తొలగించింది మోర్గనే.

1925 జనవరి 4న ఫిలడెల్ఫియాలో చనిపోయేనాటికి ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. నాణేనికి ముందూ వెనకా, స్వేచ్ఛాదేవి మెడ దగ్గరా దండకి కట్టిన రిబ్బను మీదా, ఎమ్ అని చిన్న అక్షరం ఉంటుంది. భూతద్దం పెడితేగానీ కనపడదు.