రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 - 1932 సెప్టెంబర్ 16) మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బ్రిటిషు వైద్యుడు. ఇందుకు కీలకమైన పరిశోధనను ఇతడు 1897లో సికింద్రాబాదులో చేశాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. నోబెల్ బహుమతి అందుకున్న మొదటి బ్రిటిషు పౌరుడు ఇతడే. పరాన్నజీవిని అదుపు చేయాలంటే అది ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి చేరే దారిని ముందుగా కనిపెట్టాలని ఇతని పరిశోధన తెలియజేసింది.

బాల్యం, విద్యాభ్యాసం

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి బ్రిటిషు భారత సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ళ వయసులో రాస్‌ను చదువు కోసం ఇంగ్లాండు పంపారు. రాస్‌కు చిత్రలేఖనం, కవిత్వం, గణితం అంటే మక్కువ. వైద్యవిద్యపై ఆసక్తి లేకపోయినా తండ్రి కోరిక మేరకు లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో చేరాడు. 1881లో భారత వైద్య సర్వీసులో ప్రవేశించాడు.

పరిశోధనకు నేపథ్యం

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని పూర్వం నమ్మేవారు. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తెలియలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని రాస్‌కు సూక్ష్మదర్శినిలో చూపించి, దోమలను అనుమానించవచ్చని సూచించాడు. అయితే దోమ నీటిలో చనిపోతే ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. రాస్ 1895లో సికింద్రాబాదు చేరి, అటువంటి నీటిని కొందరు స్వచ్ఛందులచేత తాగించి చూశాడు. స్పష్టమైన ఫలితం రాలేదు.

సికింద్రాబాదులో ఆవిష్కరణ

సుమారు రెండేళ్ళపాటు రాస్ పరీక్షించిన దోమలలో చాలావరకు మలేరియాను మోయని జాతులవే. అప్పటికి దోమల వర్గీకరణ కూడా సరిగా తెలియదు. మధ్యలో కలరా నివారణ పనిమీద బెంగుళూరు వెళ్ళవలసి వచ్చింది. 1897లో ఊటీ ప్రాంతంలో పనిచేస్తూ తానే మలేరియా బారిన పడ్డాడు. అదే సంవత్సరం సికింద్రాబాదుకు తిరిగి వచ్చాడు.

ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు కొన్ని అతనికి దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని, ఆ దోమలచేత తన్ను కుట్టించుకున్నాడు. బేగంపేటలో ఉక్కపోతలో పని సాగింది. గాలికి దోమలు కొట్టుకుపోతాయని రాస్ పంకా కూడా వేయించుకోలేదు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో, మలేరియా పరాన్నజీవికి మాత్రమే ఉండే నల్లని రేణువులు గల కణాలు కనిపించాయి. మరునాడు కోసిన దోమలో అవి మరింత పెద్దవయ్యాయి. అంటే పరాన్నజీవి దోమలో పెరుగుతున్నదన్నమాట. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు.

కలకత్తాలో పరిశోధన, వివాదం

ఇంతలో రాస్‌ను రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరిన రాస్‌కు మానవ మలేరియా రోగులు తగినంతమంది దొరకలేదు. అందువల్ల పక్షుల మలేరియాను చేపట్టాడు. సహాయకుడు మహమ్మద్ బక్స్ తోడ్పడ్డాడు. 1898 జూలైలో పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరతాయనీ, దోమకాటుతో ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు సోకుతాయనీ తేల్చాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మానవ మలేరియాలో ఇదే క్రమాన్ని నిరూపించింది. ఘనత ఎవరిదన్న విషయమై రాస్, గ్రాసీల మధ్య ఏళ్ళ తరబడి వైరం నడిచింది. రక్తమిచ్చిన హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం చాలామందికి తెలియకుండానే మిగిలిపోయింది.

దోమల నివారణ

రాస్ 1899లో లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. 1902లో సూయజ్ కాలువ తీరాన ఉన్న ఇస్మాయిలియాలో దోమల నివారణకు సలహాలిచ్చాడు. అక్కడ మలేరియా బాగా తగ్గింది. దోమలన్నింటినీ చంపనక్కరలేదనీ, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే వ్యాధి తనంతట తానే అంతరిస్తుందనీ గణితం ద్వారా నిరూపించాడు. 1911లో ఇతనికి సర్ బిరుదు లభించింది.

1931లో మంజీర నదిపై నిజాంసాగర్ పూర్తయింది. దాని కాలువల క్రింద నిజామాబాదు జిల్లాలో చెరకు సాగు విస్తరించి, 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఇటువంటి కాలువలలో, పొలాలలో నిలిచిన నీటిలోనే మలేరియాను మోసే అనాఫిలస్ క్యూలిసిఫేసిస్ దోమ పెరుగుతుంది. నీరు నిలవకుండా చూడటం, గుంతలు పూడ్చటం వంటి చర్యలకు రాస్ పరిశోధనే పునాది.

చేపల తొట్టెలకు అన్వయం

జీవితచక్రం తెలుసుకొని పరాన్నజీవిని ఎదుర్కొనే పద్ధతి ఇళ్ళలోని ఉప్పునీటి అక్వేరియంలకు కూడా వర్తిస్తుంది. క్రిప్టోకార్యాన్ అనే ఏకకణ పరాన్నజీవి సముద్రపు చేపల ఒంటిపై తెల్లమచ్చలుగా కనిపిస్తుంది. దీనికి దోమ వంటి వాహకం అవసరం లేదు. కొన్ని రోజులు చేపపై పెరిగి, రాలి, తొట్టె అడుగున గట్టి పొరలో ఉండి విభజన చెందుతుంది. అందులో నుండి వెలువడే ఈదే పిల్లలు త్వరగా చేపను చేరకపోతే చనిపోతాయి. చేప చర్మం క్రింద, అడుగున పొరలో ఉన్నప్పుడు మందు పనిచేయదు. ఈదే దశలోనే పనిచేస్తుంది. మచ్చలు మాయమవగానే వ్యాధి పోయిందనుకుంటే అది తిరగబెడుతుంది. కనుక చేపలను వేరే తొట్టెకు మార్చి రాగి మందు లేదా క్లోరోక్విన్ వాడుతారు. అసలు తొట్టెను అనేక వారాలు చేపలు లేకుండా ఉంచుతారు. రాగి పగడాలకు, రొయ్యలకు హానికరం. క్లోరోక్విన్ మొదట మలేరియా మందుగా పేరుపొందినదే.

మరణం, స్మారకాలు

రాస్ 1932లో లండన్‌లో మరణించాడు. అతడు పరిశోధన చేసిన బేగంపేట భవనం అతని పేరిట స్మారకంగా ఉంది. హైదరాబాదు నల్లకుంటలో ప్రజలు కోరంటి దవాఖానా అని పిలిచే జ్వరాల ఆసుపత్రికి కూడా అతని పేరే పెట్టారు.