హిమానీనదాల జాడలు - విలియం కింగ్

సింగరేణి బొగ్గు పేరు వినని తెలుగువారు ఉండరు. 1871లో ఇల్లెందు సమీపాన ఆ బొగ్గును కనుగొన్న విలియం కింగ్ మన నెల్లూరు జిల్లా శిలలను కూడా పరిశీలించిన శాస్త్రజ్ఞుడని ఎరిగినవారు మాత్రం అరుదు.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులోని గాల్వే నగరంలో భూగర్భశాస్త్రాచార్యుడై, 1864లో నియాండర్తాల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టిన విద్వాంసుడాయన. కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు రాజధాని ప్రాంతాలలో పనిచేశారు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లను సేకరించారు. కడప, కర్నూలు శిలలను గూర్చి 1872లోను, నెల్లూరు ప్రాంతపు శిలలను గూర్చి 1880లోను ఆయన గ్రంథాలు వెలువడినాయి. ఆ తరువాత 1881లో ప్రాణహిత-గోదావరి లోయను గూర్చిన గ్రంథం వచ్చింది.

ఆ లోయలో బొగ్గు పొరల కింద తాల్చేరు శిలలనే ఒక వింత పొర ఉన్నది. అందులో సన్నని బురదమట్టి, పెద్ద పెద్ద గుండ్లు కలగలుపుగా కనబడతాయి. సంగం వద్ద పెన్న ఇసుకను చూచినవారికి ఇందలి విశేషం సులభంగా బోధపడుతుంది. నది గులకరాళ్లను ఒకచోట, ఇసుకను ఒకచోట, ఒండ్రును మరొకచోట వేరుచేసి పేరుస్తుంది. మంచుకు అట్టి విచక్షణ లేదు.

శీతల ప్రదేశాలలో కురిసిన మంచు కరగక ఏటేటా పేరుకొనగా, పైపొరల బరువుకు అడుగు మంచు గట్టిపడి గడ్డకడుతుంది. మందం పెరిగినకొద్దీ అది తన బరువుకే లొంగి పల్లానికి మెల్లగా జరుగుతుంది. అదే హిమానీనదం. అది అడుగున చిక్కిన రాళ్లతో నేలను గీరుతూ పోయి, కరిగినచోట మోసుకొచ్చినదంతా కుప్పగా వదలుతుంది.

ఒరిస్సాలోని తాల్చేరు గుండ్లు మంచు తెచ్చినవేనని 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ సూచించినప్పుడు పలువురు సందేహించారు. ఈ ఉష్ణదేశంలో మంచు ఎక్కడిదని వారి ప్రశ్న. తరువాత పెనుగంగ తీరాన ఇరాయి వద్ద గీరలు పడిన సున్నపురాతి నేలను ఫెడ్డెన్ కనుగొన్నారు. దానితో ఆ వాదానికి బలం చేకూరింది. అయినను కారణం తెలియలేదు.

కింగ్ 1887 నుండి 1894 వరకు ఆ శాఖకు అధిపతిగా ఉండి, 1900లో మరణించారు. ఖండాలు కదలుతాయన్న వెగెనర్ సిద్ధాంతం 1912లో గాని రాలేదు. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రిందట మన భూభాగం దక్షిణ ధ్రువానికి చేరువగా ఉండేదని, ఆ మంచు కరిగిన పిమ్మట పెరిగిన అడవులే బొగ్గుగా మారినవని నేడు మనకు తెలుసు. కింగ్‌కు ఆ సమాధానం దక్కలేదు. అయినను కారణం తెలియదని ఆయన తాను చూచిన పొరను పటంనుండి తొలగించలేదు.

నేడు హిమాలయాలలో గంగోత్రి వంటి హిమానీనదాలు వెనుకకు తగ్గుతున్నాయి. వానలపైనే ఆధారపడిన పెన్న ఒడ్డున ఉన్న మనకు, వేసవిలో నీరు లేని నది ఎట్లుంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మార్పులను కొలిచి వ్రాసిపెట్టే ఓపికగల యువకులు, యువతులు కావాలి. సమాధానం మన జీవితకాలంలో దొరకకపోవచ్చును. చూచినదాన్ని ఉన్నదున్నట్లు వ్రాయడం మాత్రం మన చేతిలోని పని.