కర్మసాక్షి ముందు ఒక్క నిమిషం: పురుషోత్తమ చౌదరి గారి కథ

మాది అరసవల్లి. ఆదివారం వస్తే మా గుడి దగ్గర నిలబడే చోటుండదు. సూర్యుణ్ణి కర్మసాక్షి అంటాం కదా, మనం చేసేవన్నీ ఆయన చూస్తాడు. మరి మనల్ని మనం ఎప్పుడు చూసుకుంటున్నాం?

అందుకే ఈసారి వేరే దారిలో నడిచిన ఒక భక్తుడి గురించి చెప్తాను. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మనసుకంటిన పాపం ఎలా పోతుందన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1833లో క్రైస్తవం తీసుకున్నారు. మన శ్రీకాకుళం వైపు కూడా బోధించారు. 1890లో కన్నుమూశారు. ఆయన రాసిన తెలుగు కీర్తనలు చర్చిల్లో ఇప్పటికీ పాడతారు.

ఆ కీర్తనల్లో నన్ను ఆపేసింది ఒకటే: తప్పు నాదేనని దేవుడి ముందు ఒప్పుకోవడం. క్రైస్తవుల్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు ఎవరి మనసు వాళ్లు పరీక్షించుకోవాలి. చాలా చోట్ల అది నెల మొదటి ఆదివారం.

మొన్న ఆఫీసులో నా పొరపాటుకి జూనియర్ మీద విసుక్కున్నాను. కోడ్‌లో బగ్ వస్తే లాగ్స్ అన్నీ వెతికే నేను, నా మాటల లాగ్ ఎప్పుడూ తెరవలేదు. మర్నాడు వెళ్లి సారీ చెప్పాను. చెప్పడం కష్టమే అయింది.

చౌదరి గారి మతం మనది కాకపోవచ్చు, ఆ అలవాటు మనకీ కావాలి. ఈ ఆదివారం దర్శనం క్యూలో ఫోన్ జేబులో పెట్టేసి, ఈ వారం ఎవర్ని నొప్పించామో గుర్తు చేసుకుందాం. సూర్యనారాయణ స్వామికి జై!