యంత్రంలో యంత్రాన్ని దర్శించిన ట్యూరింగ్

మైత్రీవనం వద్ద బస్సు దిగిన విద్యార్థిని ముందుగా పలుకరించేవి కంప్యూటరు శిక్షణాలయాల బోర్డులే. ఆ గదులలో మన విద్యార్థులు విండోస్ నడిచే యంత్రంలోనే లినక్సును కూడా నడపడం నేర్చుకుంటారు. లోపల చేరిన వ్యవస్థ అతిథి వంటిది; యంత్రమంతా తనదే అనుకొని పనిచేస్తుంది. అది తన డిస్కు అని భావించేది నిజానికి ఆతిథ్యమిచ్చిన వ్యవస్థలోని ఒక ఫైలు మాత్రమే. అతిథి కూలినా ఇల్లు చెక్కుచెదరదు. ఉన్న ఒక్క కంప్యూటరు పాడవుతుందేమోనని జంకే పేద విద్యార్థికి ఇది ఎంత ధైర్యమో మేము ఎరుగుదుము. ఈ సౌకర్యానికి మూలమైన భావనను 1936లోనే ప్రతిపాదించిన ఆలన్ ట్యూరింగ్ జీవితాన్ని ఇక్కడ స్మరించుకొందాము.

ఆయనకు మన సీమతో సంబంధం కలదు. తండ్రి జూలియస్ మద్రాసు రాష్ట్రంలో ఐ.సి.ఎస్. అధికారిగా కర్నూలు, అనంతపురం, బెజవాడ ప్రాంతాలలో పనిచేశారు. తల్లి ఈథెల్ సారా మద్రాసు రైల్వే ఇంజనీరు కుమార్తె. ఆలన్ 1912 జూన్ 23న లండనులో జన్మించారు. బిడ్డకు ఏడాది దాటేసరికి తండ్రి వెనుకనే తల్లి కూడా హిందూదేశానికి తరలిరాగా, ఆ పసివాడు పరుల ఇంట పెరిగాడు. పాఠశాలలో దొరికిన ప్రాణమిత్రుడు క్రిస్టఫర్ మార్కమ్ 1930లో క్షయతో మరణించాడు.

కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించిన ట్యూరింగ్ 1936లో ఒక వ్యాసం వెలువరించారు. అప్పటికి నేటి కంప్యూటరు పుట్టనే లేదు. పొడవైన నాడా, దానిపై గుర్తులు, వాటిని చదివి దిద్దే సాధనం, ఒక నియమాల పట్టిక: ఆయన ఊహించిన యంత్రం ఇంతే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రం అక్కరలేదనీ, ఏ యంత్రపు నియమాలనైనా నాడాపై వ్రాసి ఇస్తే వాటిని చదివి దానివలెనే ప్రవర్తించగల సార్వత్రిక యంత్రం ఒకటి సాధ్యమనీ నిరూపించారు. ఉర్దూ నుండి మనకు వచ్చిన ‘నకలు’ అన్న మాట ఇక్కడ చక్కగా అమరుతుంది. నేటి ఏర్పాటులో అతిథి ఆదేశాలు చాలావరకు నేరుగా ప్రాసెసరుపైననే నడుస్తాయి గనుక ఇది అచ్చమైన నకలు కాదు. కాని డిస్కు మొదలైన పరికరాలు మాత్రం నకళ్లే. ఐ.బి.ఎం. సంస్థ 1972లో పెద్ద యంత్రాలకు, వీఎంవేర్ 1999లో బల్లపై కంప్యూటర్లకు ఈ వసతిని అందించాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించుటకు తోడ్పడ్డారు. ఆ సేవ దశాబ్దాలపాటు రహస్యంగానే ఉండిపోయింది. ఆ దేశమే 1952లో, స్వలింగ సంబంధం నేరమన్న నాటి చట్టం క్రింద, ఆయనను దోషిగా నిలబెట్టింది. చెరసాలకు బదులు హార్మోను చికిత్సకు ఆయన తలవంచవలసి వచ్చింది. రహస్య లిపుల కొలువూ పోయింది. ఇది వ్రాయుటకు మాకు కలం సాగుట లేదు. 1954 జూన్ 7న సయనైడు విషంతో మరణించారు. వయస్సు నలభై ఒకటి. రాజ క్షమాభిక్ష 2013లో వచ్చింది. 2021లో ఆయన చిత్రంతో యాభై పౌండ్ల నోటు వెలువడింది.