గుర్రప్పందేల్లో రారాజు.. 40 ఏళ్లు కప్పు కొట్టని టీమ్‌కు ఓనర్! ఎవరీ ఆర్ట్ రూనీ?

పందెంలో పొలం పోగొట్టుకున్నవాళ్ల కథలు ఏ ఊళ్లో అయినా ఉంటాయి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుంటే చాలు.. సంక్రాంతి కోడిపందేల నుంచి ఐపీఎల్ బెట్టింగ్ దాకా ఒకదాని వెనక ఒకటి వినిపిస్తాయి. కానీ పందేలనే వృత్తిగా పెట్టుకుని, ఆ డబ్బుతో ఓడిపోయే ఫుట్‌బాల్ టీమ్‌ను ఏళ్ల తరబడి సాకిన మనిషి కథ మాత్రం అరుదు. ఆయనే అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన ఆర్ట్ రూనీ.

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది వేంకటేశ్వర స్వామి గుడి. 1970ల్లో కట్టిన ఆ గుడికి అమెరికాలోని తెలుగువాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఊరివాళ్లను అడిగితే మాత్రం స్టీలర్స్ పేరు చెప్తారు. గుడి కట్టిన ఆ పదేళ్లలోనే ఈ టీమ్ దశ కూడా తిరిగింది. అప్పటిదాకా స్టీలర్స్ అంటే ఓటమికి మారుపేరు. దాని ఓనరే రూనీ.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. పెద్ద లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్.

రూనీ గురించి బాగా తిరిగే కథ ఒకటుంది. రేసుల్లో కొట్టిన డబ్బుతో ఆయన టీమ్ కొన్నారని. వినడానికి బాగుంటుంది. తేదీలు మాత్రం ఒప్పుకోవు. టీమ్ కొన్నది 1933లో. రేసుల్లో జాక్‌పాట్ తగిలింది 1937లో. అంటే ముందు టీమ్, తర్వాత డబ్బు. ఆ డబ్బు టీమ్‌ను కొనడానికి కాదు, మునిగిపోకుండా నిలబెట్టుకోవడానికి పనికొచ్చింది.

సారా కొట్టు మీద ఇల్లు

1901 జనవరి 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్లో రూనీ పుట్టారు. ఐరిష్ క్యాథలిక్ కుటుంబం. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. తర్వాత కుటుంబం పిట్స్‌బర్గ్‌లోని నార్త్ సైడ్‌కు మారింది. నది ఒడ్డున ఉండే పేట. వరద వస్తే వీధుల్లోకి నీళ్లు. తండ్రి డాన్ రూనీ అక్కడ బార్ నడిపేవారు. కింద బార్, పైన ఇల్లు. ఉక్కు ఫ్యాక్టరీ కూలీలు, రాజకీయ కార్యకర్తలు, బుకీలు, బాక్సర్లు.. అందరూ ఆ మెట్ల కిందే కనిపించేవారు.

కుర్రాడిగా రూనీ చెయ్యని ఆట లేదు. బాక్సింగ్‌లో మంచి పేరు. బేస్‌బాల్‌లో అంతకన్నా మంచి పేరు. 1925లో వీలింగ్ అనే ఊరి టీమ్‌కు ఆడుతూ 0.369 సగటు సాధించారు. అంటే వంద సార్లు బ్యాట్ పడితే 37 సార్లు హిట్ అన్నమాట. ఆ ఆటలో ఇది చాలా గొప్ప లెక్క. అదే టీమ్‌లో తమ్ముడు డాన్ కూడా ఆడేవాడు. ఆ తమ్ముడే తర్వాత ఫాదర్ సైలస్‌గా మారి మిషనరీగా చైనా వెళ్లారు. అన్న రేసు కోర్సులకు, తమ్ముడు చర్చికి.. ఇద్దరి మధ్య ప్రేమ మాత్రం తగ్గలేదు.

నార్త్ సైడ్‌లో ఆ రోజుల్లో జూదానికీ రాజకీయానికీ మధ్య గోడ లేదు. జేమ్స్ కోయిన్ అనే రిపబ్లికన్ నాయకుడి తరఫున రూనీ వార్డు రాజకీయం చేశారు. ఓట్లు చూసుకోవడం, పని లేనివాడికి పని ఇప్పించడం, చావు ఇంటికి ముందుగా వెళ్లి నిలబడటం. ఈ చివరి అలవాటు చనిపోయే దాకా పోలేదు.

2,500 డాలర్ల టీమ్

మరోవైపు పేటలోని కుర్రాళ్లతో సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్ నడిపేవారు. పెన్సిల్వేనియాలో ఆదివారం డబ్బులకు ఆటలు ఆడకూడదని పాత చట్టం ఉండేది. 1933లో అది సడలుతోందని తెలియగానే రూనీ జులైలో 2,500 డాలర్లు కట్టి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టీమ్ హక్కులు తీసుకున్నారు. దేశమంతా మాంద్యంలో ఉన్న ఏడాది అది. ఫుట్‌బాల్ టీమ్ అంటే అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని వ్యాపారం. న్యూయార్క్‌లో లైసెన్స్ ఉన్న బుకీ టిమ్ మారా 1925లో జెయింట్స్ టీమ్‌ను 500 డాలర్లకే తీసుకున్నారు. ఓ బుకీ, ఓ పందెగాడు.. ఈ లీగ్ పెద్దల్లో వీళ్లూ ఉన్నారంటే ఇవాళ్టి అమెరికన్లే నమ్మరు.

మొదట్లో టీమ్ పేరు పైరేట్స్. 1933 సెప్టెంబర్ 20, బుధవారం రాత్రి తొలి మ్యాచ్. ప్రత్యర్థి ఎవరో కాదు, మారా వాళ్ల జెయింట్సే. 23-2తో చిత్తు. ఉక్కు ఊరు కదా అని 1940లో స్టీలర్స్ అని పేరు మార్చారు. పేరు మారింది గానీ రాత మారలేదు.

ఆ రెండు రోజుల్లో ఏం జరిగింది?

1937 వేసవి. న్యూయార్క్ దగ్గర ఎంపైర్ సిటీ రేస్ ట్రాక్. శనివారం రూనీ పెట్టిన గుర్రాలు వరసగా గెలిచాయి. చేతిలో వేల డాలర్లు. చాలామంది ఇక్కడ ఇంటికి పోతారు. రూనీ కారెక్కి ఉత్తరాన సరటోగా వెళ్లారు. సోమవారం అక్కడ రేసులు. మళ్లీ గుర్రాలు వరసపెట్టి వచ్చాయి. ఎంత గెలిచారన్న దానిపై తలా ఒక లెక్క చెప్తారు. రెండు లక్షల డాలర్లని కొందరు, మూడు లక్షలు దాటిందని కొందరు. తక్కువ లెక్కే తీసుకున్నా, తాను టీమ్ కొన్న రేటుకు అలాంటివి 80 టీమ్‌లు కొనొచ్చు!

ఇది ఉత్త అదృష్టమేనా? కాదు. గుర్రం పాత రికార్డు, ట్రైనర్ ఎవరు, జాకీ ఎవరు, ట్రాక్ తడిగా ఉందా పొడిగా ఉందా.. ఇవన్నీ రూనీ కూర్చుని చదివేవారు. ఇంకో కారణం కూడా ఉంది. న్యూయార్క్ రేసుల్లో అప్పట్లో చట్టబద్ధంగా బుకీలు కూర్చునేవారు. బుకీ దగ్గర రేటు ఒప్పుకున్నాక అది మారదు. 1940 నుంచి అక్కడ టోట్ పద్ధతి వచ్చింది. అందులో అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది. ఎవరైనా పెద్ద మొత్తం వేస్తే ఆ గుర్రం రేటు దానంతటదే పడిపోతుంది. అంటే రూనీలా భారీగా కాసేవాడికి సొంత డబ్బే శత్రువు. మలక్‌పేట రేసులు చూసినవాళ్లకు ఈ బుకీ, టోట్ తేడా బాగా తెలుసు. రూనీ రాణించింది మొదటి పద్ధతి నడిచిన కాలంలో.

ఇది చదివి ఫోన్‌లో యాప్ వెతకాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఏపీలో ఆన్‌లైన్ పందేలపై 2020లోనే నిషేధం వచ్చింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం చేసింది. పైగా సరటోగాలో అదే రోజు ఓడి ఇంటికెళ్లినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

గుర్రాల దగ్గర ఉన్న తెలివి టీమ్ దగ్గర ఏమైంది?

అసలు ప్రశ్న ఇదే. రేసుల్లో లెక్క చూసుకునే మనిషి టీమ్ విషయంలో మాత్రం మొహమాటానికి పోయారు. కోచ్‌లుగా స్నేహితుల్నీ, తెలిసినవాళ్లనీ పెట్టుకున్నారు. టీమ్ ఓడుతున్నా వాళ్ల మీద నమ్మకం వదులుకోలేదు. మధ్యలో పెద్ద పందెం కూడా వేశారు. 1938లో బైరన్ వైట్ అనే కాలేజీ స్టార్‌కు 15,800 డాలర్లు ఇచ్చారు. లీగ్‌లో అప్పటికి అదే అత్యధిక జీతం. మిగతా ఓనర్లు గుర్రుమన్నారు. వైట్ ఒక్క సీజన్ ఆడి చదువుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. టీమ్‌కు మాత్రం కప్పు రాలేదు.

1940 చివర్లో రూనీకి విసుగొచ్చింది. టీమ్‌ను 1,60,000 డాలర్లకు అలెక్సిస్ థాంప్సన్ అనే కుర్ర కోటీశ్వరుడికి అమ్మేశారు. స్నేహితుడు బెర్ట్ బెల్‌తో కలిసి ఫిలడెల్ఫియా టీమ్‌లో వాటా తీసుకున్నారు. కానీ సొంత ఊరు వదిలి ఉండలేకపోయారు. కొన్ని నెలలకే థాంప్సన్‌తో ఊళ్ల మార్పిడి కుదుర్చుకున్నారు. నువ్వు ఫిలడెల్ఫియా తీసుకో, నేను పిట్స్‌బర్గ్ తీసుకుంటా అన్నట్టు. మళ్లీ ఇంటికే!

తర్వాత యుద్ధం. ఆటగాళ్లంతా సైన్యానికి వెళ్లారు. 1943లో ఫిలడెల్ఫియాతో, 1944లో షికాగో కార్డినల్స్‌తో కలిపి టీమ్ నడపాల్సి వచ్చింది. ఆ 1944 జట్టు పది మ్యాచ్‌లు ఆడితే పదీ ఓడింది.

ఇంకా బాధ కలిగించేది 1955 సంగతి. జానీ యునైటస్ అనే పిట్స్‌బర్గ్ కుర్రాడు టీమ్‌లో చేరాడు. కోచ్ వాల్ట్ కీస్లింగ్ ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా పంపేశాడు. రూనీ కొడుకులకు మాత్రం ఆ కుర్రాడిపై గురి ఉండేది. అయినా తండ్రి కోచ్ మాట దాటలేదు. యునైటస్ బాల్టిమోర్ వెళ్లి 1958, 1959 వరసగా రెండేళ్లు కప్పు గెలిపించాడు. ఇవాళ్టికీ ఆట చరిత్రలో గొప్పవాళ్లలో ఒకడిగా లెక్కిస్తారు.

1964లో రూనీని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. చూడండి తమాషా.. అప్పటికి ఆయన టీమ్ ఒక్కటంటే ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. లీగ్‌ను కష్టకాలంలో నిలబెట్టినందుకు ఆ గౌరవం. దానికి ముందు ఏడాదే పందేలు కాశారని ఇద్దరు స్టార్ ఆటగాళ్లను అదే లీగ్ సస్పెండ్ చేసింది. కాలం మారిపోయింది మరి.

నాణెం పడింది.. రాత మారింది

1960ల చివరికి టీమ్ వ్యవహారాలు పెద్ద కొడుకు డాన్ చేతికి వచ్చాయి. స్నేహితులు, మొహమాటాలు పక్కకు పోయాయి. 1969లో 37 ఏళ్ల చక్ నోల్‌ను కోచ్‌గా తెచ్చారు. తొలి సీజన్ 14 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. పాత రోజుల్లో కూడా ఇంత ఘోరం తక్కువే. అయినా నోల్‌ను కదపలేదు.

అప్పుడు జరిగింది అసలు పందెం. ఆ ఏడాది షికాగో బేర్స్ కూడా ఒక్క మ్యాచే గెలిచింది. కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి ఛాన్స్ ఎవరిదో తేల్చడానికి 1970 జనవరిలో నాణెం ఎగరేశారు. షికాగో బొమ్మ అంది. బొరుసు పడింది. స్టీలర్స్ టెర్రీ బ్రాడ్‌షాను తీసుకుంది. జీవితమంతా పందేలు కాసిన మనిషి టీమ్‌కు అన్నిటికన్నా పెద్ద గెలుపు ఒక్క పైసా కాయకుండా వచ్చింది.

1972 డిసెంబర్ 23. ఓక్లండ్ రైడర్స్‌తో ప్లేఆఫ్. ఇంకా 22 సెకన్లే ఉంది. స్టీలర్స్ 6-7తో వెనకబడింది. 71 ఏళ్ల రూనీ ఇక అయిపోయిందనుకున్నారు. ఓడిన కుర్రాళ్లను ఓదార్చాలని తన బాక్స్ నుంచి లేచి లిఫ్ట్ ఎక్కారు. సరిగ్గా అప్పుడే బ్రాడ్‌షా విసిరిన బంతి ఇద్దరు ఆటగాళ్లు గుద్దుకున్న చోట తగిలి వెనక్కి ఎగిరింది. నేలకు తాకబోయే బంతిని ఫ్రాంకో హారిస్ పాదాల దగ్గర అందుకుని గీత దాకా పరిగెత్తాడు. 13-7. టీమ్ చరిత్రలో తొలి ప్లేఆఫ్ గెలుపు. అమెరికాలో ఇప్పటికీ ఎక్కువసార్లు చూసే క్రీడా వీడియోల్లో అదొకటి. నలభై ఏళ్లు ఎదురుచూసిన ఓనర్ మాత్రం ఆ క్షణాన్ని చూడలేదు. లిఫ్ట్‌లో ఉన్నారు!

ఆ తర్వాత ఆగలేదు. 1975 జనవరి 12న న్యూ ఓర్లీన్స్‌లో మిన్నెసోటాపై 16-6తో గెలిచి తొలి సూపర్ బౌల్. ఉదయగిరి కోటను పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదికి పైగా పట్టిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. రూనీకి 42వ సీజన్ దాకా పట్టింది. ఆపై 1976, 1979, 1980.. ఆరేళ్లలో నాలుగు సూపర్ బౌల్స్.

ఇల్లు మారలేదు

డబ్బు వచ్చాక కూడా నార్త్ సైడ్‌లోని పాత ఇంట్లోనే ఉన్నారు. పేట పాతబడి, చుట్టుపక్కలవాళ్లు శివార్లకు వెళ్లిపోయినా భార్య క్యాథ్లీన్, ఆయన కదల్లేదు. నోట్లో చుట్ట, స్టేడియానికి నడక. గ్రౌండ్ పనివాళ్ల నుంచి పెద్ద ఆటగాళ్ల దాకా పేరు పెట్టి పలకరింపు. ఊరంతా ఆయన్ని చీఫ్ అనేది.

గుర్రాలనూ వదల్లేదు. మేరీల్యాండ్‌లో గుర్రాల ఫామ్ పెట్టారు. 1972లో కుటుంబం న్యూయార్క్ దగ్గరి యాంకర్స్ రేస్ ట్రాక్ కొంది. ఇదే తర్వాత కొడుకుల మెడకు చుట్టుకుంది. రేస్ ట్రాక్‌లలో స్లాట్ మెషిన్లు వచ్చాయి. కాసినో జూదంలో వాటా ఉన్నవాళ్లు టీమ్ ఓనర్లుగా ఉండకూడదని లీగ్ రూల్. 2008లో అన్నదమ్ములు వాటాలు సర్దుకోవాల్సి వచ్చింది. టీమ్‌ను నిలబెట్టింది పందెం డబ్బే. టీమ్ కుటుంబం చేయి దాటిపోయే పరిస్థితి తెచ్చిందీ అదే. చివరికి డాన్, ఆయన కొడుకు టీమ్ దక్కించుకున్నారు.

మరో ఆసక్తికర విషయం. బుకీ టిమ్ మారా మనవడు, పందెగాడు రూనీ మనవరాలు పెళ్లి చేసుకున్నారు. వాళ్ల కూతుళ్లే హాలీవుడ్ నటీమణులు రూనీ మారా, కేట్ మారా.

1988 ఆగస్టులో రూనీకి స్టేడియంలోని తన ఆఫీసులోనే స్ట్రోక్ వచ్చింది. 25న కన్నుమూశారు. 87 ఏళ్లు. ఆ సీజన్‌లో స్టీలర్స్ ఆటగాళ్లు ఆయన పేరులోని మూడు అక్షరాలు జెర్సీ మీద కుట్టించుకుని ఆడారు. 16 మ్యాచ్‌ల్లో గెలిచింది ఐదే.